ఎర్ర తాడుకి ఇటూ అటూ

ఏప్రిల్ 9

వాన వెలిసింది. ఏటి ఒడ్డు దారి మూడు చోట్ల కోసుకుపోయింది.

మధ్యాహ్నం థియోఫిలాక్ట్ దొర దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. దొర మా చక్రవర్తికి స్వయానా మేనల్లుడు. జూన్‌లో జర్మన్ల రాజు తరఫున బిషప్ గోజ్విన్ సంధి మాట్లాడటానికి ఈ ఫిలిప్పూపోలిస్‌కి వస్తాడట. మా చక్రవర్తి తరఫున దొర ఎదురవుతాడు. వాళ్ళ రాజు తానే రోమన్ చక్రవర్తినంటాడు. మేం ఒప్పుకోం, "జర్మన్ల రాజు" అనే రాస్తాం. వాళ్ళు మా చక్రవర్తిని "గ్రీకుల రాజు" అని రాస్తారు. నలభై ఏళ్ళుగా ఒకరి ఉత్తరాలు ఒకరు విప్పకుండా తిప్పి పంపుకుంటున్నారు. అందుకని ఈసారి మనుషులే కలవాలన్నారు.

ఎలా కలవాలన్నది తేల్చడానికి ఏడు నెలలు పట్టింది. ఊరి బయట మైదానం నడిమధ్య ఎర్ర తాడు. తాడుకి ఇటు నలభై బారల్లో మా రాయి, అటు నలభై బారల్లో వాళ్ళ రాయి. ఇద్దరూ గుర్రాల మీద ఒకేసారి కదిలి ఒకేసారి తాడు దగ్గరకు చేరాలి. జీను మీద నుంచే వంగి బుగ్గ మీద ముద్దు పెట్టుకోవాలి. ఎవరూ దిగకూడదు. ఎవరి గుర్రం గిట్ట తాడు దాటితే ఆయన రెండో ఆయన దగ్గరకు వెళ్ళినట్టు. వెళ్ళినవాడు తక్కువ.

అడుగులు లెక్కపెట్టి, ప్రమాణం మీద సాక్ష్యం చెప్పే పని నాకిచ్చారు. "నీకు కొలతల పట్టింపు ఎక్కువని విన్నాను" అని దొర రాశాడు. ఎక్కడ విన్నాడో నాకు తెలుసు. చివర ఒక వాక్యం ఉంది: ఇది సవ్యంగా జరిగితే నిన్ను తిరిగి నగరానికి పిలిపిస్తాను.

నగరం. పదకొండేళ్ళయింది కాన్‌స్టాంటినోపుల్ గోడ చూసి. ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

అంథూసక్కకి చెప్పాను. పిండి పిసుకుతూ, "ఈసారైనా నోరు కట్టుకుంటావా?" అంది.

"నోటితో ఏమన్నానక్కా? నేను రాసింది కలంతో."

"ఆ కలమే."

ఏప్రిల్ 10

అక్క అన్నది న్యాయమే. పదకొండేళ్ళ కిందట రాజభవనంలో విందు. జర్మన్ రాయబారి పీట మా అధికారి పీటకన్నా రెండు వేళ్ళు ఎత్తుగా ఉంది. కొలిచాను, రాశాను. ఆ వాక్యం కొట్టెయ్యమన్నారు. కొట్టెయ్యలేదు. గడ్డి మోపులు లెక్కపెట్టమని ఇక్కడికి పంపారు.

అప్పటికి అక్క భర్త పోయి ఏడాది. నాకు వండిపెట్టే దిక్కు లేదని, కిటికీలోంచి సముద్రం కనిపించే ఇల్లు వదిలేసి నా వెంట వచ్చింది. ఇక్కడ కిటికీలోంచి కొలిమి కనిపిస్తుంది.

నగరం వెళ్ళాక మొదట చేపల రేవుకి వెళ్తాను. నగరంలో ఆదివారం పొద్దున్నే స్నానాల ఇల్లు. నగరంలో కాగితం కూడా నున్నగా ఉంటుంది.

ఏప్రిల్ 17

బిషప్ ఎక్కబోయే గుర్రాన్నీ దాన్ని చూసుకునే మనిషినీ జర్మన్లు ముందే పంపారు. ఎర్రటి ఆడగుర్రం, పేరు బ్రూనా. మనిషి పేరు గేరుంగ్, రేగెన్స్‌బుర్గ్ ఊరివాడు. యాభై దాటాయి. ఎడమ చెవి సగమే ఉంది. వయసులో ఉండగా నాలుగేళ్ళు నగరంలో కూలి సైనికుడిగా కాపలా కాశాడట. మా భాష బాగానే వచ్చు, అయితే రేవులో బస్తాలు మోసేవాళ్ళ యాస. వాళ్ళ తరఫు ప్రమాణ సాక్షి కూడా అతనే.

నన్ను చూడగానే, "నువ్వేనా పీటలు కొలిచే గుమాస్తావి?" అన్నాడు.

"నీకెవరు చెప్పారు?"

"మా ఊళ్ళో తాగినప్పుడల్లా చెప్పుకుంటారు. పరాయివాడి పీటే ఎత్తని రాసిన మొనగాడు. మా ఊరొస్తే నీకు తాగడానికి కరువుండదు గుమాస్తాగారూ."

నేను నవ్వలేదు. గుర్రం పళ్ళు చూసి వయసు రాసుకున్నాను. ఎనిమిదేళ్ళు.

ఏప్రిల్ 20

రెండు గుర్రాల్నీ విడివిడిగా నడిపించాం. మా దొర ఎక్కే తెల్ల గుర్రం ఆస్ప్రోస్ నలభై బారలకి తొంభై ఆరు అడుగులు వేసింది. బ్రూనా ఎనభై నాలుగే. మాది చిన్న అడుగు, చురుకు. వాళ్ళది పెద్ద అడుగు, బద్ధకం. అడుగులూ కలవాలి, కాలమూ కలవాలి.

కాలం కొలవడంలోనే పేచీ వచ్చింది. మా కచేరీలో "ప్రభూ కరుణించు" అని అంటూ లెక్కపెడతాం. ఆస్ప్రోస్ చేరేసరికి నలభై ఒకటి అయ్యాయి. గేరుంగ్ పరలోక ప్రార్థన లాటిన్‌లో చదువుతాడు. బ్రూనాకి మొదటిసారి మూడు ప్రార్థనలు పట్టాయి. రెండోసారి మూడుంబావు. మూడోసారి నాలుగు. గుర్రం అదే, దూరం అదే.

"ఇదేం కొలత?" అన్నాను.

"ఆకలేస్తోంది. అందుకే తొందర తొందరగా చదివేస్తున్నా."

పని ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. దేన్ని దానికి కాళ్ళకి తాడు కట్టి అడుగు సరిచేస్తే పది రోజులు చాలన్నాడు.

ఏప్రిల్ 21

ప్రార్థన సంగతి తేల్చుకోవడానికి గేరుంగ్ సాయంత్రం ఇంటికొచ్చాడు. అక్క పప్పు, ఉప్పు చేప పెట్టింది.

"చెవికేమైంది?" అని మొహమాటం లేకుండా అడిగింది.

"కుక్క తినిందమ్మగారూ. నగరంలో, సముద్రపు గుమ్మం దగ్గర కాపలాలో ఉన్నప్పుడు."

"ఏ గుమ్మం? దీపస్తంభం పక్కదా?"

"ఆ మెట్లున్నది."

"ఆ మెట్ల పైనే మా ఇల్లు. రోజూ పొద్దున మెట్ల మీద పడుకుని దారికి అడ్డంగా గురకపెట్టేవాడు, మీలో ఎవడో."

"నేనే అయ్యుంటాను," అన్నాడు.

చాలాసేపు ఆ మెట్ల గురించి మాట్లాడుకున్నారు. ప్రార్థన సంగతి తేలలేదు.

ఏప్రిల్ 22

గేరుంగ్ మాట మార్చాడు. విడివిడిగా నేర్పితే ఆ రోజు జనాన్ని చూసి మర్చిపోతాయట. రెండింటినీ పక్కపక్కనే, భుజం భుజం ఆనేలా, రోజూ నడిపించాలట. ఆరు వారాలు పడుతుందట.

"మొన్న పది రోజులన్నావు."

"నేల తడిగా ఉంది."

గుర్రాల సంగతి నాకు తెలియదు, అతనికి తెలుసు. అతను చెప్పినట్టే దొరకి రాశాను.

ఏప్రిల్ 30

95, 85. నడక అయ్యాక రెండింటినీ కలిపే ఏటి రేవుకి నీళ్ళకి తోలుతున్నాం. నాలుగు వందల పన్నెండు అడుగులు. దారి వాటికి తెలిసిపోయింది, పగ్గం అక్కర్లేదు.

నగరంలో ఈపాటికి ట్యూనా చేపలు దిగుతూ ఉంటాయి.

మే 2

వాన. 94, 86.

మే 5

94, 87. లెక్కలు సరిచూసుకోవడానికి గేరుంగ్ భోజనానికి వచ్చాడు. లెక్కల పలక తేవడం మర్చిపోయాడు.

మే 6

గేరుంగ్ వచ్చాడు. పలక తెచ్చాడు. విప్పలేదు.

మే 11

93, 88. ఈరోజు గేరుంగ్ ఒక అబద్ధం చెప్పాడు. వాళ్ళ ఊరి నది, మా ఏటికి ఆరింతలుంటుందట, చలికాలంలో గడ్డకడుతుందట. దాని మీద ఎద్దుబండ్లు తోలతారట.

"మంచు ఎంత మందం ఉంటుంది?" అని అడిగాను.

జానెడు చూపించాడు. కాసేపాగి మళ్ళీ అడిగితే మూరెడు చూపించాడు.

"ఎప్పుడైనా కొలిచారా?"

"బండి మునగలేదంటే చాలినంత ఉన్నట్టే కదయ్యా."

ఎవరూ కొలవలేదట. ఆ ఊళ్ళో అంతమంది మనుషులున్నారు, ఒక్కడూ కొలవలేదు.

మే 12

మంచుకి బొక్క పెట్టి చేపలు పడతారట. గాలాన్ని ఎంత లోతు దించుతారని అడిగాను. తెలియదట. వాళ్ళ ఊళ్ళో పొద్దుగూకే వేళని గంటకొట్టి చెప్తారట. ఎండ లేని రోజు గంటకొట్టేవాడికి ఎలా తెలుస్తుందని అడిగాను. "వాడికి ఆకలేసినప్పుడు కొడతాడు," అన్నాడు.

మే 15

92, 88. గేరుంగ్ వచ్చాడు. అక్క తలకి నీలం ముసుగు కట్టుకుంది. రోజూ కట్టుకునేది ఉతికి ఆరేసిందట. తీగ మీద ఏమీ కనబడలేదు.

మే 19

గేరుంగ్‌కి ఉల్లికాడలు పడవు. మొదటి వారంలోనే నాతో చెప్పాడు, తింటే కడుపులో యుద్ధం జరుగుతుందని. ఈరోజు అక్క ఉల్లికాడల కూర వండింది. మూడుసార్లు వడ్డించుకున్నాడు. ఊరబెట్టిన చేపల రసం కూడా పోసుకున్నాడు.

"ఉల్లికాడలు నీకు పడవన్నావు కదా?" అన్నాను.

అక్క నా వైపు చూసింది. అతను నా వైపు చూశాడు. అన్నాను గనక రాస్తున్నాను.

మే 24

91, 89. బ్రూనాకి కొత్త నాడాలు వేయించాలని గేరుంగ్ పొద్దున్నే కొలిమికి తోలుకెళ్ళాడు. అది వెనక్కి వచ్చేదాకా ఆస్ప్రోస్ మేత ముట్టలేదు. పాక పలకలు రెండు తన్ని విరగ్గొట్టింది. వచ్చాక రెండూ మెడలు పెనవేసుకుని నిలబడ్డాయి.

పలకలు రెండు. మేకులు తొమ్మిది.

జూన్ 3

90, 90. కాలం కూడా కలిసింది, ముప్పై తొమ్మిది "ప్రభూ కరుణించు"లు, మూడు పరలోక ప్రార్థనలు. భోజనం చేసి చదివితేనే మూడు. గేరుంగ్ నన్ను అమాంతం ఎత్తి గిరగిరా తిప్పాడు. దించమన్నాను. ఇంకో చుట్టు తిప్పి దించాడు.

అక్క తేనె అట్లు పోసింది.

జూన్ 9

దొర వచ్చాడు. బిషప్ వచ్చాడు. మావాళ్ళు నూట అరవై మంది, వాళ్ళు నూట యాభై ఎనిమిది. ఇద్దరు దారిలో జ్వరంతో ఆగిపోయారట. సమానంగా ఉండాలని మావాళ్ళలో ఇద్దర్ని గుడారాల్లోనే ఉండమన్నారు.

బిషప్ బాగా బరువైన మనిషి. బ్రూనాని చూసి ఏదో అన్నాడు. గేరుంగ్ అది నాకు చెప్పలేదు.

జూన్ 12

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తాడుకి రెండు పక్కలా ఇసక పోసి దువ్వెనలా గీశాం, గిట్టల గుర్తులు పడేందుకు. నేను తాడు కొస దగ్గర బోర్లా పడుకున్నాను, గడ్డం ఇసక మీద ఆనించి. గేరుంగ్ అవతల కొస దగ్గర. ముద్దు పెట్టుకోగానే ఊదమని బాకా వాడికి ఆజ్ఞ.

జెండా ఊగింది. రెండు గుర్రాలూ కదిలాయి. ముప్పై అడుగుల దాకా ఒకే గుర్రాన్ని అద్దంలో చూసినట్టుంది. దొర నిటారుగా కూర్చున్నాడు. బిషప్ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనే అయ్యుండాలి.

ముప్పై ఒకటో అడుగు దగ్గర బ్రూనా సకిలించింది.

ఆస్ప్రోస్ చెవులు లేచాయి. ఏడు వారాలుగా ఈ గుర్రాలు ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. ఎదురెదురుగా విడదీసి నిలబెట్టింది ఇదే మొదటిసారి. ముప్పై నాలుగో అడుగు దగ్గర మాది దౌడు తీసింది. అవతల అదీ దౌడు తీసింది. ఆ తర్వాత అడుగులు లెక్కపెట్టలేకపోయాను. తాడు మీద మాత్రం కన్ను తియ్యలేదు. ఆస్ప్రోస్ ముందు కుడి గిట్ట తాడు దాటింది. ఇంకో ఒకటిన్నర అడుగు వేసింది. అప్పుడు బ్రూనా తగిలింది.

మెడలు రాసుకున్నాయి. తర్వాత రెండూ రోజూలాగే పక్కపక్కన చేరి, భుజం భుజం ఆనించి, ఏటి వైపు తిరిగాయి.

మూడు వందల మందిలో ఎవరికీ దీని గురించి ఆజ్ఞ లేదు. అందరూ నిలబడిపోయారు. బాకా వాడు బాకా నోటి దగ్గరే పెట్టుకుని ముద్దు కోసం చూస్తున్నాడు. గేరుంగ్ పరిగెత్తాడు. వెనకే నేను.

రేవులో రెండు గుర్రాలూ నీళ్ళు తాగుతున్నాయి. దొర టోపీ ఎక్కడో పడిపోయింది. బిషప్ రెండు చేతులతో జూలు పట్టుకుని ఉన్నాడు. దిగకూడదన్న నియమం ఇద్దరికీ గుర్తుంది, దిగలేదు. బిషప్ ఏదో అన్నాడు. దుబాసీలు మైదానంలోనే ఉండిపోయారు, గేరుంగే చెప్పాడు:

"ఆయన గుర్రమెక్కి ఇరవై ఏళ్ళయిందట దొరగారూ. ఎక్కించేవాళ్ళున్నారు, దించేవాళ్ళున్నారు, ఆపడం మాత్రం ఎవరూ చెప్పలేదట."

దొర టోపీ లేని తల తడుముకున్నాడు. తర్వాత, "నాకు చిన్నప్పట్నుంచీ గుర్రమంటే భయమని చెప్పు. మా మామయ్యకి మాత్రం తెలియకూడదను," అన్నాడు.

బిషప్ నవ్వడం మొదలుపెట్టాడు. అంత మనిషి నవ్వుతుంటే బ్రూనా కూడా ఊగింది. అక్కడే, గుర్రాలు కడుపునిండా తాగి గడ్డికి మళ్ళేలోపల, పది రోజుల పని తేల్చుకున్నారు: యాత్రికుల దారి, దారిలో సంతలు, ఒకరి ఊళ్ళో ఒకరి మనిషి రెండేళ్ళ పాటు ఉండటం. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, దాని గురించి కూడా మాట్లాడుకున్నారు. చివర్న ఇటొకరు అటొకరు వంగి ముద్దు పెట్టుకున్నారు. మైదానం నుంచి బాకా వినబడింది.

ఇసక దగ్గరకు తిరిగొచ్చి గుర్తులు కొలిచాను. రెండున్నర అడుగులు. మాదే.

జూన్ 13, పొద్దున

దొరలిద్దరూ స్నేహంగానే ఉన్నారు. పరివారాలే నిన్న సాయంత్రం నుంచి తిట్టుకుంటున్నాయి, తాడు ఎవరు దాటారని. సంధి పత్రం మీద ముద్రలు పడాలంటే సాక్షులు చెప్పాలి. మా చక్రవర్తి మనిషే వెళ్ళాడని తేలితే రాజభవనం ఈ సంధిని ఒప్పుకుంటుందో లేదో తెలియదు. నన్ను నగరానికి పిలవరన్నది మాత్రం తెలుసు.

దొర గుమాస్తా ఒకాయన ఇప్పుడే వచ్చి వెళ్ళాడు. "ఇసకలో గుర్తులు గాలికి చెరిగిపోయాయి కదా," అన్నాడు. రాత్రి గాలి లేదు.

అక్కని అడిగాను, ఏం చెప్పమంటావని.

"పీట అప్పుడు నన్నడిగావా?"

"లేదు."

"మరిప్పుడెందుకు? చూసింది చెప్పు. ఇక్కడ నాకు లోటేం లేదు." నవ్వుతూ అంది. పదకొండేళ్ళలో ఈ ఊరి గురించి అక్క మంచి మాట అనడం ఇదే మొదలు.

జూన్ 13, సాయంత్రం

గుడారంలో దొర, బిషప్, రెండు వైపులా పరివారం. ముందు మాట చెప్పాలి, తర్వాత సువార్త గ్రంథం మీద చెయ్యి వెయ్యాలి. మొదట గేరుంగ్‌ని పిలిచారు. తను అన్నది తనే రెండు భాషల్లోనూ చెప్పాలి. ముందు మా భాషలో చెప్పాడు.

"మా బ్రూనాయే ముందు దాటింది. రెండున్నర అడుగులు."

అంకె సరిగ్గా చెప్పాడు. గుర్రం తప్పు చెప్పాడు. అతను అవతల కొసన నాలాగే పడుకుని చూశాడు. నాకు చూపు ఎంత ఉందో అతనికీ అంతే ఉంది. గ్రంథం తెస్తున్నారు.

"ఆగండి," అన్నాను. "అది తప్పు. దాటింది ఆస్ప్రోస్."

మావాళ్ళలో ఎవరో మూలిగారు.

"నీకు సరిగ్గా కనబడలేదు గుమాస్తాగారూ," అన్నాడు గేరుంగ్.

"నా గడ్డం తాడుకి జానెడు దూరంలో ఉంది."

"గడ్డంతో చూస్తారా ఎవరైనా? బ్రూనాయే."

"ఆస్ప్రోస్. కుడి ముందు గిట్ట. కావాలంటే రా, గుర్తులు ఇంకా ఉన్నాయి, కొలిచి చూపిస్తా."

"నీ కొలతలు నువ్వే ఉంచుకో. నోరు మూసుకుని మీ నగరానికి పోరాదూ బామ్మర్దీ."

గుడారంలో తలలన్నీ నా వైపు తిరిగాయి. బిషప్ ఏమైందని అడుగుతున్నాడు, చెప్పాల్సినవాడు నాతో పోట్లాడుతున్నాడు. చివరికి దొర దుబాసీ వెళ్ళి ఆయన చెవిలో చెప్పాడు. బిషప్ ముఖం ఎర్రబడింది, దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

దొర కళ్ళు తుడుచుకుని, "నలభై ఏళ్ళలో మా గుర్రమే వెళ్ళింది, కాదు మా గుర్రమే వెళ్ళిందని రెండు దేశాలు కొట్టుకోవడం ఎవరైనా చూశారా?" అన్నాడు. "సాక్షులు చెరొక మాట చెప్తే రెండూ రాయడమే పద్ధతి. రాయండి. వాళ్ళు మా దగ్గరకి వచ్చారు, మేం వాళ్ళ దగ్గరకి వెళ్ళాం."

"దొరా, అది ఖచ్చితమైన..." అన్నాను.

"మెలేతీ, కూర్చో."

కూర్చున్నాను. గ్రంథం మళ్ళీ లోపల పెట్టేశారు, ఎవరూ ప్రమాణం చెయ్యాల్సిన పని లేకపోయింది. ముద్రలు పడ్డాయి.

బయటికొచ్చాక గేరుంగ్‌ని పట్టుకున్నాను. మాటలు ఉన్నవి ఉన్నట్టు:

"ఎందుకన్నావు అలా?"

"నువ్వు నగరం వెళ్ళాలని కదా నీ గోల."

"నేను వెళ్తే నీకేంటి?"

"నాకు నష్టమే. నువ్వెళ్తే మీ అక్క వెళ్తుంది."

వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టాను. "పక్కపక్కన ఏడు వారాలు నడిపితే గుర్రాలు ఇలా చేస్తాయని నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"పది రోజుల్లో అయిపోయేదా?"

"తొమ్మిదిలో."

"మరి?"

"తొమ్మిది రోజుల్లో అయిపోతే తొమ్మిది భోజనాలే కదయ్యా."

"నీకు ఉల్లికాడలు పడవు."

"చచ్చినా పడవు," అన్నాడు.

ఇంటికెళ్ళాను. అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏప్రిల్ నుంచి," అంది. ఇంకో దుప్పటి పిండి తీగ మీద వేసింది. "నువ్వు అడుగులు లెక్కపెడుతున్నావులే, కదిలించడం ఎందుకని ఊరుకున్నా."

జూన్ 16

దొర పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు.

మొదటిది నన్ను నగరానికి పిలిచే ఆజ్ఞ. ముద్ర వేసి ఉంది. మాట ఇచ్చాను గనక ఇస్తున్నానన్నాడు. రెండోది ఖాళీగా ఉంది. సంధి ప్రకారం రేగెన్స్‌బుర్గ్‌లో రెండేళ్ళు ఉండే మా మనిషి పేరు అందులో రాయాలి. బిషప్ నా పేరే అడిగాడట. సొంతవాళ్ళకి వ్యతిరేకంగా రెండుసార్లు నిజం చెప్పినవాడు వాళ్ళ ఊళ్ళో ఉంటే తను నిశ్చింతగా నిద్రపోతానన్నాడట.

"బలవంతం లేదు," అన్నాడు దొర. "మంచి చలి దేశం. రేపు చెప్పు."

నగరంలో ఉండే వాళ్ళ మనిషి గేరుంగ్. సముద్రపు గుమ్మం దగ్గర, జర్మన్ యాత్రికుల గుర్రాల సంగతి చూసుకోవాలి.

ఇందులో ఆలోచించేదేమీ లేదు. పదకొండేళ్ళుగా ఒక్కటే కోరాను. ఇంటికొచ్చి అక్కకి చెప్పాను.

"నేనెలాగూ నగరానికి వెళ్తున్నా, ఆయనతో," అంది. "నువ్వూ వస్తే రా. పక్కింట్లో ఉండు. వంట మాత్రం నేను చెయ్యను."

"నేనేమన్నాను ఇప్పుడు?"

"ముందే చెప్తున్నా."

జూన్ 17

నిద్ర లేవగానే ఈ డైరీ తీసి ఏప్రిల్ 9 నుంచి ఒక్క రోజూ వదలకుండా చదివాను. పలక దగ్గర పెట్టుకుని గీతలు గీశాను.

ఏప్రిల్‌లో సముద్రపు నగరాన్ని తలుచుకున్న పూటలు ఇరవై ఒకటి. మే నెలలో ఒక్కటీ లేదు. జూన్‌లో దొర పిలిచిన రోజు వదిలేస్తే ఒకటి, అదీ పిలవరన్న భయమే. గేరుంగ్ ఊరి నది, మంచు, గంట, చేపల బొక్క, వీటి గురించి రాసిన పూటలు మే నెలలో పద్నాలుగు. ప్రశ్నలు నలభై మూడు. వాటిలో జవాబు దొరికినవి ఆరు, ఆ ఆరింటిలో నమ్మదగినవి రెండు. గేరుంగ్ మా ఇంట్లో భోజనం చేసిన రోజులు ముప్పై ఎనిమిది. నేను నవ్వానని రాసుకున్న రోజులు లేవు. కానీ జూన్ 3న అతను నన్ను ఎత్తి తిప్పినప్పుడు దించమన్నానని రాశాను గానీ, ఎంత గట్టిగా నవ్వానో రాయలేదు. అది ఇప్పుడు రాస్తున్నాను.

మే నెల లెక్క తప్పేమోనని మళ్ళీ చూశాను. అంతే వచ్చింది.

నాకు ఏం కావాలో నాకు తెలుసని పదకొండేళ్ళు అనుకున్నాను. కాగితం మీద ఉన్నది వేరు. కాగితం మీద ఉన్నదాన్నే నమ్మాలని జీవితమంతా ఇతరులతో గొడవపడ్డాను.

దొర దగ్గరకు వెళ్ళి రెండో కాగితం మీద నా పేరు రాయమన్నాను.

"ఆలోచించావా?" అన్నాడు.

"లెక్కపెట్టానండీ."

జూన్ 22

చిన్న గుడిలో అక్కకీ గేరుంగ్‌కీ పెళ్ళయింది. మా ప్రార్థనలో పంచే రొట్టె పులిసినది, వాళ్ళది పులవనిది, ఆ తగువు వందేళ్ళది. అందుకని బిషప్ లోపలికి రాకుండా గుమ్మం బయట బల్ల మీద కూర్చున్నాడు. వాన మొదలైంది. లోపలికి వచ్చాడు. మా పాదిరి చూసీ చూడనట్టు మంత్రాలు చదువుకుపోయాడు.

అక్క నీలం ముసుగు కట్టుకుంది. గేరుంగ్ గుర్రాల దువ్వెనతో తల దువ్వుకున్నాడని ఆవిడే చెప్పింది. విందులో బిషప్ మనుషులూ దొర మనుషులూ కలిసి ఆడారు. ఎవరెంతమందో లెక్కపెట్టలేదు, నేనూ ఆడుతున్నాను గనక.

జూన్ 25

రాగి గిన్నె గురించి గొడవ. వండుకోవడానికి నాకు కావాలన్నాను. నీకు వండటం రాదు కదా అంది అక్క. నేర్చుకుంటానన్నాను. నేర్చుకున్నాక కొనుక్కో అంది. గిన్నె ఆవిడ బండిలోకి వెళ్ళింది.

తెల్లారాక రెండు బారుల బండ్లు కట్టారు. బిషప్‌వి ఉత్తరానికి, దొరవి తూర్పుకి. ఉన్ని చొక్కాలు మూడు వేసుకోమని అక్క చెప్పింది, ఒకదాని మీద ఒకటి. గేరుంగ్ తన ఊళ్ళో ముగ్గురి పేర్లు చెప్పి, వాళ్ళలో ఎవరితోనూ పాచికలాడొద్దన్నాడు. ఇద్దరూ బండెక్కాక అక్క ఎప్పటిలా తిట్టకుండా నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది.

"సముద్రం ఎలా ఉందో, ఇల్లు ఎలా ఉందో రాయండి," అన్నాను.

"నాకు రాయడం రాదుగా."

"గేరుంగ్‌కి?"

"నా సంతకం గుర్రం నాడా బొమ్మ బామ్మర్దీ," అన్నాడు.

"మరి నాకెలా తెలిసేది?"

"రాసేవాడివి నువ్వొక్కడివే కదరా మన ఇంట్లో," అంది అక్క. "రెండేళ్ళలో వస్తావుగా. అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ ఒక్కసారే చెప్తా. రాసుకుందువుగాని."